ఇంటికి పెట్టిన మొదటి డబ్బు ఎవరిది?

మొన్న దసరాకి మా అమ్మాయీ అల్లుడూ ఏలూరు నుంచి వచ్చారు. భోజనాలయ్యాక అమ్మాయి నా పక్కన చాప మీద కూర్చుని ఫోన్‌లో ఒక ఫ్లాట్ ఫొటోలు చూపించింది. రెండు పడగ్గదులు, వంటింటికి ఆనుకుని చిన్న బాల్కనీ. ముప్పై లక్షలు చెబుతున్నారట.

"అంత డబ్బు ఎక్కడిదే?" అన్నాను.

"పది శాతం మనం పెట్టుకుంటే చాలమ్మా, మిగతాది బ్యాంకు ఇస్తుంది. మీ రోజుల్లోలా కాదు" అంది. అంటూనే ఒక్కసారి నా చేతులకేసి చూసింది. నోరు తెరిచి ఏమీ అడగలేదు. నా చేతికి నాలుగు గాజులున్నాయి.

ఆ చూపు నాకు కొత్త కాదు. మా ఇంట్లో అది మూడు తరాలుగా ఉంది. వాళ్లు వెళ్లిపోయాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. గాజులు పోతాయన్న బాధ కాదు. మా అమ్మమ్మ ఇంటికీ, మా అత్తయ్యగారి ఇంటికీ, నా ఇంటికీ మొదటి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, చివరికి ఆ ఇళ్లు ఎవరివయ్యాయో లెక్క వేసుకుంటూ ఉండిపోయాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో బ్యాంకుల సంగతులు, చట్టాల సంగతులు వస్తాయి. విసుక్కోకుండా చదవండి, మన ఇంటి కథలో అవి కూడా భాగమే.

మా అమ్మమ్మది కొల్లేటి లంక ఊరు. కొల్లేరు చూడనివాళ్లకు చెప్పాలంటే, అటు కృష్ణ డెల్టాకీ ఇటు గోదావరి డెల్టాకీ నడుమ ఉన్న పల్లపు నేల. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకుపోతుంది. వానాకాలంలో లంక చుట్టూ నీళ్లే, దోనె లేనిదే గడప దాటలేరు. అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పుడు మట్టిగోడల మీద తాటాకు కప్పు. గాలివాన వచ్చిన ప్రతిసారీ కప్పు లేచిపోవడం, మళ్లీ ఆకు వేయించడం. అలా పదేళ్లు పడ్డాక అమ్మమ్మ తన కాసుల పేరు తీసి తాతయ్య చేతిలో పెట్టిందట. ఆ డబ్బుతో ఇటుకా పెంకూ దోనెల మీద వచ్చాయి. 1950ల నాటి మాట అది. ఊళ్లో మాది మూడో పెంకుటిల్లు అని మా అమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది.

అప్పుడు అప్పు దొరకదా అంటే, దొరుకుతుంది. షావుకారు దగ్గర ప్రోనోటు మీద దొరుకుతుంది. బ్యాంకు మాత్రం ఇంటికి అప్పివ్వదు. మన పక్కనే బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో భూమి తనఖా మీద అప్పులిచ్చే సహకార బ్యాంకులు కూడా 1930ల నాటికి ఉన్నాయి. కానీ అవన్నీ పొలం ఉన్న రైతుకూ, సరుకున్న వ్యాపారికీ. ఇల్లు అన్నది పంట పండేది కాదు, అమ్ముడుపోయే సరుకూ కాదు. దానికి అప్పివ్వడమేమిటి అన్నదే అప్పటి లోకరీతి. అంటే ఆ రోజుల్లో డౌన్ పేమెంట్ నూటికి నూరు శాతం.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమ్మమ్మ ఇంటికి కాగితం లేదు. గ్రామకంఠంలో ఇల్లు, తాతల నుంచి అనుభవిస్తున్నారు, అంతే. లంకల్లో చాలా ఇళ్లు ఈనాటికీ అలాంటివే. చుట్టూ ఉన్న నేల సంగతి మరీ చిక్కు. 1976 ప్రాంతంలో జలగం వెంగళరావుగారి ప్రభుత్వం మత్స్యకార సొసైటీలకు చేపల చెరువులు ఇచ్చింది. అవి సొసైటీవే గానీ మనిషివి కావు. 1999లో కొల్లేరు 5వ కాంటూరు దాకా అభయారణ్యం అయింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు. అంత నీరూ అంత నేలా కళ్లెదుట ఉన్నా, బ్యాంకు బల్ల మీద పెట్టడానికి ఒక దస్తావేజు లేని ఊళ్లు అవి. మీరు ఎంత తక్కువ డౌన్ పేమెంట్ పథకం తెచ్చినా, దస్తావేజు లేని ఇంటి గుమ్మం దగ్గరే అది ఆగిపోతుంది. 2020లో కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టి గ్రామకంఠం ఇళ్లకు డ్రోన్లతో కొలతలు తీయించి ప్రాపర్టీ కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. అమ్మమ్మ చూడలేదు ఆ కార్డు. చూసి ఉంటే అందులో తన పేరుందేమో వెతికేదా అని నాకు అనుమానం. వెతికేది కాదేమో. "ఇల్లు మగాడిదే అమ్మా, మనది వంటిల్లు" అనేది ఎప్పుడూ.

ఇక మా అత్తయ్యగారి సంగతి. ఆవిడదే అసలు కథ.

మామయ్యగారు ఏలూరులో ఒక ధాన్యం మిల్లులో గుమస్తా. సర్కారు ఉద్యోగమైతే హౌస్ బిల్డింగ్ అడ్వాన్స్ దొరికేది. గుమస్తాకు ఎవరిస్తారు? దేశంలో ఇంటి అప్పుల కథ అప్పుడప్పుడే మొదలవుతోంది. ఇళ్ల కోసం హడ్కో 1970లో వచ్చింది గానీ అది ప్రభుత్వాలకూ హౌసింగ్ బోర్డులకూ డబ్బిచ్చే సంస్థ. హౌసింగ్ బోర్డు ఇళ్లు అద్దె-కొనుగోలు పద్ధతిలో ఇచ్చేవారు. ముందు కొంత కట్టి చేరితే నెలనెలా వాయిదాలు, అన్నీ తీరాక రిజిస్ట్రేషన్. ఆలోచిస్తే మన ప్రాంతంలో మామూలు మనిషికి దొరికిన మొదటి 'తక్కువ డౌన్ పేమెంట్' ఇల్లు అదే. కానీ కట్టేవి కొన్ని, కోరేవాళ్లు ఎందరో. 1977లో హస్ముఖ్ ఠాకూర్‌దాస్ పరేఖ్ అనే ఆయన, బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, బొంబాయిలో హెచ్.డి.ఎఫ్.సి. పెట్టారు. నెల జీతగాడికి ఇంటి కోసమే అప్పిచ్చే సంస్థ. జీవితమంతా దాచి ముసలితనంలో ఇల్లు కట్టే బదులు, వయసులో ఉన్నప్పుడే ఇంట్లోకి వెళ్లి తర్వాత తీర్చుకోవచ్చన్న ఆలోచన మన దేశంలో వేళ్లూనడం అక్కడి నుంచే. కానీ బొంబాయి ఆలోచన ఏలూరు గుమస్తా దాకా రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

అందుకని 1981లో అత్తయ్యగారు ఏం చేశారంటే, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మేశారు. దాంతో స్థలం వచ్చింది. గోడలకు చీటీ పాడారు. చీటీ గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అవసరం ఉన్నవాళ్లు నష్టానికి పాడుకుని ముందే డబ్బు తీసుకుంటారు, ఓపిక ఉన్నవాళ్లు చివరిదాకా ఆగి లాభపడతారు. ఇంటి అప్పు లేని కాలంలో మధ్యతరగతికి చీటీయే బ్యాంకు. అత్తయ్యగారు అయిదు వందల కూర, రెండు వందల పప్పు మిగిల్చి కట్టిన చీటీ అది. ఆవిడ మాటల్లోనే చెప్పాలంటే, "ఆ గోడల్లో ఇటుకలకన్నా నేను మానేసిన కాఫీలు ఎక్కువ".

స్థలం మామయ్యగారి పేరు మీద రిజిస్టరయింది. ఇంకోలా అవుతుందన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు, అత్తయ్యగారికి అసలు రాలేదు.

మామయ్యగారు 1994లో పోయారు. వీలునామా రాయలేదు. అప్పుడు తెలిసింది మాకు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఏం చెబుతుందో. మగవాడు సొంతంగా సంపాదించిన ఆస్తి వీలునామా లేకుండా పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే తల్లికి సమాన వాటాలు. అత్తయ్యగారికి నలుగురు పిల్లలు. కాబట్టి ఆవిడ వాటా అయిదింట ఒకటి. చిత్రం చూడండి. అదే చట్టంలో ఆడదాని ఆస్తి పూర్తిగా ఆమెదే అని కూడా ఉంది. అరెకరం అరెకరంగా ఉన్నంత కాలం అది ముమ్మాటికీ అత్తయ్యగారిది. అది ఇల్లుగా మారి భర్త పేరు మీదకు వెళ్లగానే కాగితం మీద ఆవిడ అయిదో వంతు మనిషైపోయారు.

1985 నుంచి మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు వచ్చింది. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం చేసిన చట్టం, దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. గొప్ప విషయమే. కానీ భార్య తెచ్చి పెట్టిన డబ్బుకు లెక్క అందులోనూ లేదు. పైగా 2005 దాకా ఇంకో నియమం ఉండేది. కుటుంబం కాపురం ఉంటున్న ఇంటిని పంచమని ఆడవాళ్లు అడగడానికి లేదు, మగ వారసులు పంచుకుంటామంటేనే పంపకం.

మా ఇంట్లో మగ వారసుడు అడిగాడు. మా మరిదికి వ్యాపారంలో డబ్బు అవసరం పడింది. అతన్ని తప్పు పట్టను, అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నారు. 1998లో ఇల్లు అమ్మేశాం. రిజిస్ట్రారు ఆఫీసులో అత్తయ్యగారు వేలిముద్ర కాదు, సంతకమే పెట్టారు, ఎనిమిదో తరగతి చదివిన మనిషి. పెట్టి, కలం కింద పెట్టకుండా, "నా అరెకరం ఇందులో ఉంది, దాన్ని ఎక్కడ రాశారు?" అని అడిగారు. అక్కడున్న దస్తావేజు లేఖరి నవ్వి, "అవన్నీ ఇందులో రాయరమ్మా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు నాకు ఇరవై నాలుగేళ్లు, చంకలో పసిపిల్ల.

అత్తయ్యగారు మాతోపాటు తాడేపల్లిగూడెం వచ్చేశారు. మరుసటి ఏడు మేం సొంతిల్లు కొన్నాం. అప్పటికి లోకం మారింది. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు వచ్చింది, 1989లో ఎల్.ఐ.సి. ఇంటి అప్పులకు ప్రత్యేక సంస్థ పెట్టింది. గూడెం లాంటి ఊళ్లో కూడా ఇంటి అప్పు అనే మాట వినపడుతోంది. ఇల్లు నాలుగు లక్షలు. మూడు లక్షలు అప్పిచ్చారు, 14 శాతం వడ్డీ, పదిహేనేళ్లు, నెలకు దాదాపు నాలుగు వేలు. ఆయన జీతంలో సగానికి కొంచెం తక్కువ. మేం పెట్టుకోవాల్సింది లక్ష. అందులో నా పన్నెండు కాసుల బంగారం అమ్మితే నలభై వేలకు కాస్త తక్కువ వచ్చింది. నేను కట్టిన చీటీ నలభై వేలు. మిగిలింది మా అన్నయ్య సర్దాడు.

అత్తయ్యగారు నన్ను వంటింట్లోకి పిలిచి, "నీ పేరు కూడా రాయించుకో" అన్నారు. అడగడానికి నాకు మొహమాటం. 'అంటే నా మీద నమ్మకం లేదా' అంటారేమో అని భయం. అడగలేదు. ఇల్లు ఆయన పేరు మీదే రిజిస్టరయింది. అప్పు కాగితాల మీద మాత్రం నా సంతకాలు పదమూడు చోట్ల పెట్టించారు. సహ దరఖాస్తుదారు అని. అది గౌరవం అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత అర్థమయింది. సహ దరఖాస్తుదారు అంటే అప్పు తీర్చకపోతే నన్నూ అడుగుతారు. సహ యజమాని అంటే ఇంట్లో నాకూ వాటా ఉంటుంది. నేను మొదటిదాన్ని, రెండోదాన్ని కాదు. అప్పులో పేరుంది, ఇంట్లో పేరు లేదు. ఇది చదువుతున్నవాళ్లలో ఎంతమంది ఇలాగే ఉన్నారో.

ఇప్పుడు అమ్మాయి చెప్పిన పది శాతం దగ్గరకు వద్దాం. అది ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2010 చివర్లో రిజర్వు బ్యాంకు ఒక హద్దు గీసింది. 20 లక్షల లోపు ఇంటి అప్పయితే విలువలో 90 శాతం దాకా, పైన అయితే 80 శాతం దాకా ఇవ్వొచ్చు. 2015లో ఆ 90 శాతాన్ని 30 లక్షల అప్పు దాకా పెంచింది. 30 నుంచి 75 లక్షలకు 80 శాతం, ఆ పైన 75 శాతం. కాబట్టి ఏలూరు, గూడెం లాంటి ఊళ్లలో మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు పది శాతం అన్నది నిజమే. ఇది హద్దే గానీ హక్కు కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. బ్యాంకు మన జీతం, సిబిల్ స్కోరు చూసి తక్కువే ఇవ్వొచ్చు, ఎక్కువ ఇవ్వకూడదు.

అసలు మెలిక వేరే ఉంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలపకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. పది లక్షల లోపు ఇళ్లకు మాత్రం 2015లో సడలించింది. అంటే అవి మన చేతి నుంచే పెట్టుకోవాలి. మన రాష్ట్రంలో అన్నీ కలిపి 7.5 శాతం. 30 లక్షల ఫ్లాటుకు పది శాతం మూడు లక్షలు, రిజిస్ట్రేషన్ రెండు లక్షల పాతిక వేలు. మొత్తం అయిదు లక్షల పాతిక వేలు. పది శాతం అన్నది పదిహేడున్నర అయింది. ఇది చెప్పగానే అమ్మాయి ఫోన్లో కాసేపు మాట్లాడలేదు.

వాయిదాల లెక్క కూడా వేయించాను. వడ్డీ 9 శాతం, ఇరవై ఏళ్లు అనుకుందాం. 27 లక్షల అప్పుకు నెలకు సుమారు 24,300. అదే ఇరవై శాతం మనం పెట్టి 24 లక్షలే తీసుకుంటే సుమారు 21,600. ఇరవై ఏళ్లలో వడ్డీ తేడా దాదాపు మూడున్నర లక్షలు. ముందు మూడు లక్షలు తక్కువ పెడితే వెనక ఆ మూడు లక్షలతోపాటు ఇంకో మూడున్నర లక్షలు కట్టాలి. తక్కువ డౌన్ పేమెంట్ అంటే తక్కువ ధర కాదు, ఆలస్యంగా కట్టే ధర. అద్దె కడుతూ ఆ మూడు లక్షలు కూడబెట్టేలోపు ఫ్లాటు ధర పెరుగుతుందనుకుంటే అది కూడా మంచి బేరమే కావచ్చు. కానీ తెలిసి చేయాలి.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. వాడిని అడిగితే అక్కడ మూడున్నర శాతానికే ఇల్లు కొనొచ్చు పిన్నీ... కాదు, పెద్దమ్మా, అన్నాడు. వాడికి ఎప్పుడూ ఆ తడబాటే. నిజమేనట. 1930ల ముందు అక్కడా సగం డబ్బు ముందు కట్టి, మిగతాది అయిదారేళ్లలో తీర్చాల్సి వచ్చేది. మహా మాంద్యంలో లక్షల ఇళ్లు జప్తు అయ్యాక, 1934లో ప్రభుత్వం ఎఫ్.హెచ్.ఏ. అనే సంస్థ పెట్టి అప్పులకు బీమా ఇచ్చింది. కొనేవాడు ఎగ్గొడితే బ్యాంకు నష్టాన్ని బీమా భరిస్తుంది. అందుకే బ్యాంకు ధైర్యంగా ఇస్తుంది. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు 1944 నుంచి అసలు డౌన్ పేమెంటే లేకుండా ఇచ్చారు. కానీ ఆ బీమా ప్రీమియం కొనేవాళ్ల నుంచే వసూలు చేస్తారు, మొదట కొంతా ఏటా కొంతా. ఇంకో మాట కూడా తెలిసింది. 1974లో చట్టం వచ్చేదాకా అక్కడి బ్యాంకులు కూడా చాలాచోట్ల భార్య జీతాన్ని సగమే లెక్కలోకి తీసుకునేవట, లేదా అసలే తీసుకునేవి కావట. పిల్లలు పుడితే మానేస్తుంది కదా అని. మన అత్తయ్యగార్లు అక్కడా ఉన్నారన్నమాట.

దీంట్లో నాకు అర్థమైంది ఒకటే. డౌన్ పేమెంట్ ఎంత తగ్గినా, ఆ తగ్గిన భారం ఎవరో ఒకరు మోస్తారు. అక్కడ బీమా మోస్తుంది, దానికి ప్రీమియం ఉంది, రసీదు ఉంది. మన ఇళ్లలో ఆడవాళ్ల బంగారం మోస్తుంది. దానికి రసీదు లేదు.

ఆ రసీదు ఈమధ్య కొంచెం కొంచెంగా వస్తోంది. అది కూడా విచిత్రంగా, పేద ఇళ్ల నుంచే వస్తోంది. 2015 జూన్‌లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణాలకు వచ్చింది. తక్కువ ఆదాయం వాళ్లకు ఆరు లక్షల అప్పు దాకా 6.5 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా 2.67 లక్షలు. కానీ ఇల్లు ఇంటి ఆడమనిషి పేరు మీద గానీ, ఆమెతో కలిపి గానీ ఉండాలన్నారు. ఏలూరులో, గూడెంలో కట్టిన టిడ్కో ఇళ్లూ ఆ పథకం కిందివే. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో పంచిన ఇళ్ల స్థలాల పట్టాలు కూడా ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు. మా వీధిలో పూలమ్మే ఆవిడ పట్టా చూపించి, "అమ్మగారూ, ఇది నా పేరండీ" అంది. నేను మేడ ఇంటి గుమ్మంలో నిలబడి ఆ కాగితం చదివాను. నా దగ్గర అలాంటిది లేదు.

ఆ వడ్డీ రాయితీ 2022 మార్చితో ముగిసింది. 2024 సెప్టెంబరులో రెండో విడత పథకం వచ్చింది. ఏడాదికి తొమ్మిది లక్షల లోపు ఆదాయం, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లు, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు అప్పు అయితే, మొదటి ఎనిమిది లక్షల మీద 4 శాతం రాయితీ. గరిష్ఠంగా 1.80 లక్షలు, అయిదు వాయిదాల్లో వస్తుంది. ఇక్కడా ఇల్లు ఆడమనిషి పేరు మీద గానీ ఇద్దరి పేరు మీద గానీ ఉండాలి. మా అమ్మాయి 27 లక్షలు తీసుకుంటే ఇది రాదు. 25 లక్షలకు దిగితే అడగొచ్చు. అంటే ఇంకో రెండు లక్షలు మన చేతి నుంచి.

మళ్లీ నా గాజుల దగ్గరకే వచ్చింది కదా!

ఆదివారం నేను ఏలూరు వెళ్లాను. గాజులు సంచిలో పెట్టుకునే వెళ్లాను. అమ్మాయినీ అల్లుణ్నీ ఇద్దరినీ కూర్చోబెట్టి కొన్ని మాటలు చెప్పాను. మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ఒకటి, ఇవి కుదవ పెట్టడానికి ఇవ్వను, అమ్మడానికి ఇస్తాను. కుదవ పెట్టి డౌన్ పేమెంట్ కడితే ఒక ఇంటికి రెండు అప్పులవుతాయి. బ్యాంకు పది శాతం మనల్ని పెట్టమనేది మన సొంత డబ్బు ఉండాలనే.

రెండు, సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ ఉండాలి, ఎవరి వాటా ఎంతో రాయాలి. అప్పు కాగితంలో పేరు చాలదు.

మూడు, కనీసం ముప్పై ఏళ్ల ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. బ్యాంకు చూసుకుంటుందిలే అనుకోవద్దు, బ్యాంకు దాని డబ్బు వరకు చూసుకుంటుంది.

నాలుగు, ఆరు నెలల వాయిదాలు పక్కన ఉంచుకోండి, అప్పుకు సరిపడా టర్మ్ పాలసీ ఇద్దరూ తీసుకోండి. మామయ్యగారిలా ఎవరికైనా హఠాత్తుగా ఏదైనా అయితే మిగిలినవాళ్లు రోడ్డున పడకూడదు.

అయిదు, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడల్లా అసలులో కట్టండి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందే తీరిస్తే జరిమానా వేయకూడదని 2012 నుంచి నియమం. అంతా తీరాక అసలు కాగితాలు ముప్పై రోజుల్లో తిరిగివ్వాలి, ఆలస్యం చేస్తే రోజుకు అయిదు వేలు బ్యాంకే మీకివ్వాలి. 2023 డిసెంబరు నుంచి ఇది అమలులో ఉంది.

అల్లుడు అంతా విని, "రెండో మాటకి మీరు ఇంత దూరం రావాలా అత్తయ్యా, పేరు ముందు తనదే రాయిద్దాం" అన్నాడు. మంచి పిల్లాడు. కానీ మామయ్యగారూ మంచివారే, మావారూ మంచివారే. మంచితనానికి కాగితంతో పోటీ లేదు, రెండూ ఉండొచ్చు.

గాజులిచ్చేటప్పుడు అమ్మాయి ఏడ్చింది. ఒక తెల్లకాగితం తీసుకుని, నాలుగు గాజులు, తూకం, తేదీ, 'మా అమ్మాయికి ఇల్లు కొనుక్కోవడానికి ఇచ్చాను' అని రాసి సంతకం చేసి ఇచ్చాను. "ఇదెందుకమ్మా?" అంది. "మీ నానమ్మ అడిగింది, ఎక్కడ రాశారని. అందుకు" అన్నాను. అత్తయ్యగారు పోయి పదకొండేళ్లయింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మావారు కిటికీలోంచి చూస్తూ, "మన ఇంటి కాగితాలు బీరువాలో పై అరలోనే ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. "ఒకసారి లాయరుగారి దగ్గరకు వెళ్దాం" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. ఈసారి మొహమాటంతో కాదు, ఆయనే చెప్పనీ అని. ఇంకా వెళ్లలేదు. వెళితే చెబుతాను.

మీరు ఈ సాయంత్రం వంట అయ్యాక ఒకసారి మీ బీరువా తీసి చూడండి. మీ ఇంటి దస్తావేజు మొదటి పేజీలో కొన్నవారు అన్నచోట ఎవరి పేరుందో. ఆ ఇంటికి మొదటి డబ్బు ఎవరు పెట్టారో మీకు తెలుసు. రెండూ ఒకటేనా?